మా అమ్మ కుంకుమ, నా ఎడమ కాలు

సింగపూరులో మా నాన్న స్నేహితులకి తెలిసిన వృత్తులు రెండే. ఒకటి సాఫ్ట్‌వేర్. రెండోది, సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందు చేసిన ఏదో ఒకటి. షిప్‌యార్డుల్లో, కట్టడాల దగ్గర ఎంతమంది తెలుగువాళ్ళు చెమటోడుస్తున్నా వాళ్ళు ఈ లెక్కలోకి రారు. ఉగాది సభలో వెనక వరసల్లో కూర్చుని చప్పట్లు కొట్టడం వరకే వాళ్ళతో పని. అలాంటి మనుషుల మధ్య నేను ఆర్కెస్ట్రాలో హార్ప్ వాయించాలనుకున్నాను. నాకు బుద్ధి లేదని మీరిప్పుడు అనుకుంటున్నారు చూడండి, వాళ్ళు ఎప్పుడో అనుకున్నారు.

మేం తెనాలి నుంచి వచ్చేసరికి నాకు పదకొండేళ్ళు. రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని, వాటిని ఆపడానికి మా నాన్నలాంటి వాళ్ళని విమానాల్లో రప్పించారు. ఆ సంవత్సరం వచ్చింది. ఒక్క కంప్యూటరూ కూలలేదు. మేం సరిచేశాం కాబట్టే కూలలేదని నాన్న చెప్పుకున్నాడు. అసలు కూలేవే కావేమోనని అమ్మ అన్నది. ఆ వాదన మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. ఏది జరిగినా, జరక్కపోయినా, అది ఎవరి వల్లో తేల్చందే మా ఇంట్లో అన్నం సయించదు.

ఇక్కడి బడిలో ప్రతి పిల్లా సాయంత్రం ఏదో ఒక కార్యక్రమంలో చేరి తీరాలి. నేను డాన్సు అడిగాను, నిండిపోయిందన్నారు. ఆటల టీచరు నా ఎత్తు చూసి నవ్వి ఊరుకుంది. చివరికి ఎవరూ చేరనిది హార్ప్ ఒక్కటే మిగిలింది. మనిషి కంటే ఎత్తు, నలభై ఏడు తీగలు, పాదాల దగ్గర ఏడు పెడళ్ళు. దాన్ని కుడి భుజానికి ఆనించుకుని మొదటిసారి మీటినప్పుడు నా వీపంతా ఝల్లుమంది. ప్రేమ అంటే అదే అయి ఉంటుంది, ఎందుకంటే ఆ తర్వాత ఎవరు చెప్పిన మంచిమాటా నా చెవికెక్కలేదు.

నాన్న తోటివాళ్ళు బోనసు రాగానే హైదరాబాదులో ఫ్లాట్లు కొన్నారు. మా నాన్న, దేశం వదిలి వెళ్తున్న ఒక దొరసాని దగ్గర పాత హార్ప్ కొన్నాడు. వుడ్‌ల్యాండ్స్‌లో మాది ఏడో అంతస్తు. మా బ్లాకు లిఫ్టు అప్పట్లో అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు, మాకు దగ్గరగా ఆగేది తొమ్మిదో అంతస్తులో. అక్కడినుంచి రెండు అంతస్తులు మెట్ల మీదుగా దించాలి. పియానోలు మోసే చైనీస్ అంకుల్ ఒకాయన వ్యాను వేసుకుని వచ్చేవాడు. ఆయన నా హార్ప్‌ని ఏనాడూ హార్ప్ అనలేదు. "గర్ల్, యువర్ ఫ్రిజ్ రెడీ ఆ?" అని కింద నుంచి కేకేసేవాడు.

ఆదివారాలు ఎవరో ఒకరింట్లో భోజనాలు ఉండేవి. చోవా చూ కాంగ్ పేటలో ఉండే ఒక అంకుల్ పులిహోర కలుపుకుంటూ నన్ను ఇంటర్వ్యూ చేశాడు.

"మరి దీంట్లో కెరీర్ పాత్ ఏందమ్మా?"

"ఇక్కడ పెద్ద ఆర్కెస్ట్రా ఒకటుందంకుల్. అందులో హార్ప్ కుర్చీ ఒకటి. దాంట్లో ఒకావిడ ఉంది. ఆవిడ రిటైరైతే ఆడిషన్ పెడతారు."

"ఎప్పుడవుద్ది?"

"తెలీదు."

"ఈలోపు?"

"ఎదురుచూడాలి."

"ఓ, బెంచ్ మీద!" అన్నాడు. చేతిలో ప్రాజెక్టు లేనివాళ్ళని వాళ్ళ కంపెనీల్లో అలాగే కూర్చోబెడతారట. అర్థమైనందుకు ఆయన మొహం వెలిగిపోయింది. "మరి ఆ కుర్చీ దొరికినాక టీమ్ లీడ్ అవుతావా?" అని అడిగాడు. హార్ప్ వాయించేవాళ్ళకి టీమ్ ఉండదు, ఉన్నది నేనొక్కదాన్నే అన్నాను. ఆయన జాలిగా ఇంకో గరిటె పులిహోర వడ్డించాడు.

సంగీత కళాశాలలో చదువు పూర్తిచేసి నేను బయటికొచ్చే నాటికి ఐటీ మళ్ళీ ఊపులో ఉంది. వారానికో కంపెనీ పుట్టేది. పుట్టిన ప్రతి కంపెనీకీ ఏదో ఒక హోటల్లో బారసాల, బారసాలకి హార్ప్. నన్ను ఎప్పుడూ పెద్ద మొక్క కుండీ పక్కనే కూర్చోబెట్టేవాళ్ళు. తెల్ల గౌను తప్పనిసరి. ఏం వాయించమంటారని మేనేజరుని అడిగితే, "ఎనీథింగ్ నైస్ కెన్ లా, బట్ నాట్ టూ లౌడ్" అనేవాడు. ఎనిమిదేళ్ళు వేళ్ళు కాయలు కాయించుకుని నేర్చుకున్న విద్యని, పక్కవాడి మాట వినబడేంత మెల్లగా వాయించాలి. ఒక వైస్ ప్రెసిడెంటు వైను గ్లాసు పట్టుకుని వచ్చి హార్ప్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ప్లగ్గు ఎక్కడుందని అడిగాడు.

మనవాళ్ళు ఇంకో ఆకు ఎక్కువే చదివారు. ఉగాదికి తెలుగు సంఘం నన్ను ఆహ్వానించి, భోజనాల లైను పక్కన కూర్చోబెట్టింది. మైకు పట్టుకున్నాయన నన్ను "మన వీణ అమ్మాయి" అని పరిచయం చేశాడు. వీణ అయితే కీర్తన వాయించాలి కదా అని ఒకావిడ పట్టుబట్టింది. హార్ప్ మీద తీగ లాగి గమకం పలికించడం కుదరదని చెప్పాను. "కుదరనప్పుడు అంత పెద్దది ఎందుకమ్మా?" అన్నది. ప్రశ్న న్యాయమైందే.

అప్పుడప్పుడు ఆర్కెస్ట్రా నుంచి పిలుపు వచ్చేది. రెండు హార్ప్‌లు కావలసిన సంగీతం ఉంటే ఆ రెండోది నేను. రెండు వందల తాళావర్తాలు ఊరికే కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి, ఆ తర్వాత నాలుగు స్వరాలు మీటాలి. లెక్క తప్పితే ఆ నాలుగూ పోతాయి. మా నాన్న టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, "ఆ నాలుగూ బాగా వాయించావమ్మా" అనేవాడు. మీరు నవ్వినా సరే చెప్తాను, ఆ నాలుగు స్వరాల కోసం నేను ఏమైనా చేసేదాన్ని. చుట్టూ ఎనభై మంది ఒక్కసారిగా ఊపిరి తీసుకుంటుంటే ఆ మధ్యలో కూర్చోవడం కంటే నాకు ఇంకేదీ అక్కర్లేదు. హోటల్ మొక్కల పక్కనుంచి లేచి ఆ కుర్చీలోకి వెళ్ళి, ముసలిదాన్నయ్యేదాకా దిగకూడదు. నా కోరికల్లా అదే.

ఆ కుర్చీలో ఉన్నావిడ నేను పుట్టకముందే అందులో కూర్చుంది. ఆవిడ ఆరోగ్యం గురించి నేను అడిగినంత ఆదరంగా ఆవిడ పిల్లలు కూడా అడిగి ఉండరు. చివరికి ఆవిడ రిటైరవుతున్నట్టు ప్రకటించింది. ఆడిషన్ తేదీ వచ్చింది. క్యాలెండరు చూస్తే విజయదశమి మర్నాడు.

మా ఇంట్లో దసరాకి ఆయుధపూజ అంటే ఆషామాషీ కాదు. అన్నం పెట్టే ప్రతి వస్తువూ ఆయుధమే అని అమ్మ సిద్ధాంతం. గ్రైండరు, రైస్ కుక్కరు, వాషింగ్ మెషిన్, నాన్న లాప్‌టాప్, ఆఫీసు తలుపు తీసే కార్డు, అన్నిటికీ పసుపు, కుంకుమ. నాన్న ఆఫీసులో ఒక చైనీస్ సహోద్యోగి ఆ లాప్‌టాప్ మీది బొట్టు చూసి, సర్వీసింగ్‌కి పంపాలని పెట్టిన గుర్తనుకున్నాడట. హార్ప్‌కి మాత్రం ఏటా నేనే దగ్గరుండి, అడుగున చెక్క మీద ఒక్క బొట్టు పెట్టించేదాన్ని. ఆ ఏడు పండగరోజు సాయంత్రం నేను మా టీచరు దగ్గర ఆఖరి పాఠానికి వెళ్ళాను. వచ్చేసరికి హార్ప్‌కి గుడ్డ తొడుగు తొడిగి ఉంది. నేనే తొడిగి వెళ్ళాననుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వ్యాను అంకుల్ వచ్చి ఫ్రిజ్‌ని దించుకుపోయాడు. ఆర్కెస్ట్రావాళ్ళు నాకొక చిన్న గది ఇచ్చారు. శ్రుతి చేసుకోవడానికి, చేతులు సవరించుకోవడానికి నలభై నిమిషాలు. తొడుగు తీశాను. తీగల మధ్యలో, సరిగ్గా చెయ్యి అందే ఎత్తులో, ఎర్రెర్రగా కుంకుమ.

ఇది ఎంత ఘోరమో తెలియాలంటే ఒక్క సంగతి చెప్పాలి. నలభై ఏడు తీగల్లో ఏది ఏదో కంటికి తెలియడానికి ప్రతి సప్తకంలోనూ ఒక తీగకి ఎరుపు రంగు, ఒకదానికి నలుపు వేస్తారు. మిగతావన్నీ తెలుపు. మేం వాయించేటప్పుడు ఎరుపుని చూసుకునే దారి పట్టుకుంటాం. ఎరుపు కాకూడని చోట ఎరుపు ఉంటే దారి తప్పుతాం. అమ్మ అయిదు తెల్ల తీగలకి నిండుగా, దండిగా కుంకుమ అద్దింది.

ఇంటికి ఫోన్ చేశాను. "అమ్మా, తీగలకి కుంకుమ పెట్టావా?"

"పెట్టకుండా ఎట్లా? కొన్నిటికి ఎర్రగా ఉంది, మిగతావి బోసిగా ఉన్నయ్. చూళ్ళేక పెట్టా. అన్నిటికీ పెడదామనుకున్నా, ఈలోపు కుక్కరు కూతపెట్టింది."

బోసిగా ఉన్నాయట! ఆ మాట విన్నాక నాకు ఒళ్ళు మండిపోయింది. నా జీవితం నాశనం చేశావన్నాను, నీకు చదువు లేదన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. అరవడానికి పట్టిన సమయం పోగా ఇంకా పావుగంట మిగిలింది. పొడి గుడ్డతో ఒక్కొక్క తీగా తుడిచాను. కుంకుమ అంతా పోయింది. దగ్గరగా చూస్తే లేత గులాబీ మరక, వాయించే దూరం నుంచి చూస్తే అదీ లేదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. వాయించక ముందే కుంకుమ పోయింది.

లోపల తెర కట్టారు. తెర వెనక న్యాయనిర్ణేతలు. వాయించేది ఎవరో వాళ్ళకి తెలియకూడదని నేల మీద తివాచీ కూడా పరిచారు, అడుగుల చప్పుడైనా వినపడకుండా. నా పేరు ఆ పూట నాలుగో నంబరు. మొదటి భాగం వాయించాను. అంత బాగా నేను అంతకుముందు వాయించలేదు, ఆ తర్వాతా వాయించలేదు. నా వేళ్ళు ఒక్క తీగనీ తప్పలేదు.

రెండో భాగం మొదలుపెట్టే ముందు పెడళ్ళు సర్దుకోవాలి. ఒక్కో పెడలు ఒక్కో స్వరానిది. దాన్ని ఒక మెట్టు కిందికో పైకో జరిపితే ఆ స్వరం ఉన్న తీగలన్నీ, పైనుంచి కిందదాకా, ఒక్కసారే మారతాయి. హార్ప్ పట్టుకున్న మొదటి నెలలో పిల్లలకి నేర్పే పాఠం ఇది. వాయించే ముందు ఏడూ చూసుకో. నేను చూసుకోలేదు. మొదటి భాగం బాగా వచ్చిందన్న పొగరుతో కళ్ళు నెత్తికెక్కాయి. ఆరు సర్దాను. ఎడమ కాలి కింద మూడోది మర్చిపోయాను.

అందమైన, మెల్లని చోటు అది. మొదటి తాకిడికే అపస్వరం. సరిదిద్దుకోవాలని పాదం వెతుక్కునేలోపు ఇంకో రెండుసార్లు, ఇంకా పెద్దగా. తెర వెనక నుంచి ఎవరో, "థాంక్యూ, నంబర్ ఫోర్" అన్నారు. అంత మర్యాదగా నన్ను ఎవరూ గెంటలేదు.

బయటికొచ్చేసరికి అమ్మ ఫోన్.

"ఏమైందే?"

నేను రెండు మాటల్లో నిజం చెప్పగలిగేదాన్ని. పెడలు మర్చిపోయానమ్మా. అంతే. కానీ ఇరవై నిమిషాల క్రితమే తప్పు ఎవరిదో తీర్పు చెప్పేసి ఉన్నాను. తీర్పు సిద్ధంగా ఉండగా కొత్త ముద్దాయిని వెతకడం ఎందుకు?

"నీ కుంకుమే," అన్నాను. "తీగలు కనపడలేదు. పోయింది."

ఆ కుర్చీ కొరియా నుంచి వచ్చిన ఒక అమ్మాయికి దక్కింది. నాకంటే మూడేళ్ళు చిన్నది. దృఢంగా, ఆరోగ్యంగా ఉంది. ఆ అమ్మాయి రిటైరయ్యే రోజుకి నా నడుము హార్ప్‌ని మోయదు. నేను ఏడిచాను. దాదాపు నెల రోజులు ఏడిచాను.

ఏడుపు ఆరాక తెలిసింది, నా దగ్గర ఒక అద్భుతమైన కథ ఉందని. ఆదివారం భోజనాల్లో చెప్పాను. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. అంతవరకు నా సంగీతం వినమంటే గడియారం చూసుకున్నవాళ్ళు, ఈ కథని మళ్ళీ చెప్పమన్నారు. హార్ప్ మీద నాకు దొరకని శ్రోతలు కుంకుమ మీద దొరికారు. నేను రెచ్చిపోయాను. అయిదు తీగలు పన్నెండయ్యాయి, పన్నెండు నలభై ఏడయ్యాయి. ఒక పార్టీలో పసుపుగణపతిని కూడా తెచ్చి హార్ప్ మెడలో కూర్చోబెట్టాను. అమ్మ వడ్డిస్తూ మొదట్లో తనూ నవ్వేది. తర్వాత తర్వాత, నేను "మా అమ్మ ఒకసారి ఏం చేసిందో తెలుసా" అనగానే గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. నేను చూశాను. చూడలేదని బొంకను.

మరుసటి ఏడు దసరాకి అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని గ్రైండరుకీ కుక్కరుకీ పెట్టి, హార్ప్ దాటి వెళ్ళిపోయింది. ఆ పై ఏడు మార్కెట్టు పడిపోయి నాన్న ఉద్యోగం ఊడింది. నాన్న నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ తర్వాతి పండగకి అమ్మ ఆయన కొత్త లాప్‌టాప్ జోలికీ పోలేదు. పీడ వదిలింది, స్క్రీను శుభ్రంగా ఉంటుంది అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

ఇలా ఆరు దసరాలు గడిచాయి. ఆ ఏడు శ్రావణ శుక్రవారం, సెంగ్‌కాంగ్‌లో ఒక ఆంటీ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం పేరంటం. అమ్మకి తోడుగా వెళ్ళాను. పెళ్ళై అప్పుడే ఇక్కడికి కాపురానికి వచ్చిన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆంటీ కుంకుమ భరిణె తెచ్చి అమ్మ చేతికివ్వబోయింది.

"వదినా, అందరిలో పెద్దదానివి, నువ్వే పెట్టు."

అమ్మ భరిణె తీసుకోలేదు. చేతులు కొంగులో దాచుకుంది.

"నా చెయ్యి మంచిది కాదులే. నువ్వే పెట్టు," అన్నది.

ఎవరో నవ్వారు. ఆ హార్ప్ కథ గుర్తొచ్చి నవ్వారు. అమ్మ కూడా నవ్వబోయింది, రాలేదు. నేను ఆరేళ్ళుగా చెప్పి నవ్వించిన కథని ఈ గదిలో నిజమని నమ్మింది మా అమ్మ ఒక్కతే.

ఇంటికి వచ్చి చెప్పాను. కుంకుమ వల్ల కాదమ్మా, పెడలు మర్చిపోయాను, కుంకుమ ముందే తుడిచేశాను. అమ్మ చీర కూడా మార్చుకోలేదు.

"పెడలంటే ఏంది? చూపించు."

చూపించాను. అమ్మ వంగి దాన్ని చూసింది. చేత్తో నొక్కింది. తీగ మీటమంది, మీటాను. పెడలు జరిపి మళ్ళీ మీటమంది. తేడా ఆవిడకి కూడా తెలిసింది.

"నీ కాలు చేసిన పనిని నా చేతి మీద వేశావుటే!" అన్నది.

నేను ఏడుస్తుంటే ఊరడిస్తుందేమో అనుకున్నాను. అమ్మలు అలాగే చేస్తారని విన్నాను. మా అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, నా ఫోన్ నా ముందు పెట్టింది.

"ఎవరెవరికి చెప్పావో వాళ్ళందరికీ చెయ్యి. నా ముందు చెయ్యి."

చేశాను. మొదటి ఆంటీ, "పెడలా? పోనీలేమ్మా, కుంకుమ కథే బాగుంది," అన్నది. పులిహోర అంకుల్, "రూట్ కాజ్ మారిందన్నమాట," అని, ఇప్పుడు ఏ కంపెనీలో చేస్తున్నావని అడిగాడు. ఇంకో ఆవిడ, "మీ అమ్మ పక్కనే ఉండి చెప్పిస్తోందా?" అని గుసగుసగా అడిగింది. అవునన్నాను. "అట్లాగా," అని నవ్వింది. పదిహేడు ఫోన్లు చేశాను. ఒక్కరు కూడా నా నిజాన్ని కొనలేదు. అబద్ధానికి నేను పెట్టిన నగిషీ అంత బాగా కుదిరింది మరి.

ఇప్పుడు నేను వారంలో నాలుగు రోజులు పిల్లలకి హార్ప్ నేర్పుతాను. అందరూ ఐటీవాళ్ళ పిల్లలే, బడిలో సీటుకి పనికొస్తుందని పంపుతారు. ఆర్కెస్ట్రాకి రెండో హార్ప్ కావలసినప్పుడు ఇప్పటికీ పిలుస్తారు. ఆ కొరియా అమ్మాయి పక్కన కూర్చుని నా నాలుగు స్వరాలు నేను వాయించి వస్తాను. వాయించే ముందు ఏడు పెడళ్ళూ చూసుకుంటాను.

దసరాకి అమ్మని బతిమాలాను. ఎన్ని తీగలకి కావాలంటే అన్నిటికి పెట్టుకోమన్నాను. భరిణె మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

"నువ్వు ఫోన్ చేసి చెప్పినవాళ్ళకి తెలిసింది, సరే. వాళ్ళ దగ్గర విన్నవాళ్ళ సంగతేంది? వాళ్ళకెవరు చెప్తారు?"

అందుకే రాస్తున్నాను. హార్ప్ తీగలకి కుంకుమ పెట్టి కూతురి ఉద్యోగం పోగొట్టిన తల్లి కథ మీకు ఏ భోజనాల దగ్గరైనా వినపడి ఉంటే, అది నేను అల్లింది. ఎడమ వైపు, మూడో పెడలు, నా కాలు. మా అమ్మ చెయ్యి మంచిది.